నడికట్టు నుంచి బ్రోచ్ దాకా: హుకర్ పచ్చ ఎవరెవరి దగ్గర ఉండింది?

ప్రశ్న: పెన్నాతీరం

నమస్కారం. మా నాన్నగారు ప్రొద్దుటూరులో నలభై ఏళ్ళకు పైగా రాళ్ళు పొదిగే పని చేసిన స్వర్ణకారులు. మొన్న వర్జీనియాలో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఆయనను వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి తీసుకువెళ్ళాను. మన పల్నాటి కొల్లూరు గని నుంచి వెళ్ళిందని చెప్పే హోప్ వజ్రాన్ని చూపించాలన్నది నా ఉద్దేశం. ఆయన జనం మధ్యలోంచి దానిని రెండు నిమిషాలు చూసి, తల ఊపి, ముందుకు నడిచారు. ఆ తరువాత ఒక పచ్చ బ్రోచ్ ముందు ఆగి, ఎంత పిలిచినా అరగంట దాకా కదలలేదు.

అది హుకర్ పచ్చ అన్న పేరున్న బ్రోచ్. నడుమ 75.47 క్యారెట్ల మరకతం, అంటే ఒక్క రాయే 15 గ్రాములకు కాస్త ఎక్కువ. దాని చుట్టూ ప్లాటినంలో పొదిగిన గుండ్రటి వజ్రాలు 109, సన్నటి పలకల్లా కోసినవి 20. నాన్నగారు కళ్ళద్దాలు తీసి, గాజుకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, రాయిని ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చూసి, "ఇంత పెద్ద జాతిపచ్చలో ఇంత తక్కువ మచ్చ నేను చూడలేదు" అన్నారు. కొంచెం ఆగి, "ఈ రాయి ఇంతకు ముందు ఎవరెవరి ఒంటి మీద ఉండిందో ఆడ రాసినారా?" అని అడిగారు.

రాసి ఉన్నదానిని నేను చదివి చెప్పాను. కొలంబియాలో దొరికింది. ఒట్టోమాన్ సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ దగ్గర ఉండేది. ఆయన దానిని నడికట్టు బిళ్ళలో ధరించేవాడని చెబుతారు. 1911లో న్యూయార్క్‌లోని టిఫనీ సంస్థ వేలంలో కొన్నది, 1955లో జానెట్ అన్నెన్‌బర్గ్ హుకర్ అనే ఆమె కొన్నారు, 1977లో మ్యూజియానికి ఇచ్చారు. నాన్నగారికి ఇది చాలలేదు. నడికట్టు బిళ్ళలో ఉన్న మాట ఎవరు చూసి చెప్పారు, టిఫనీ వారి దగ్గర నలభై నాలుగేళ్ళు అది ఏ రూపంలో ఉన్నది, సుల్తాన్‌కు ముందు ఎవరిది అని ఆయన దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పలేకపోయాను. ఇలాంటి పాత నగల యజమానుల వరుసను నిపుణులు ఎలా నిర్ధారిస్తారో, అందులో ఏది గట్టి మాట, ఏది విన్న మాట అని ఎలా వేరు చేస్తారో తెలిసినవారు వివరించగలరా?

నేను అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మగారి దగ్గర ఆరు చిన్న పచ్చలు, నడుమ ఒక ముత్యం ఉన్న పాత బ్రోచ్ ఒకటి ఉంది. పైట దగ్గర పెట్టుకునే రకం. అది మా ఇంట్లో చేసింది కాదు, నాన్నగారు ఎవరి దగ్గరో కొన్నది. దాని సంగతి కూడా రాసిపెట్టుకోవాలని ఆ రోజే అనిపించింది.

జవాబు: పాతకాగితం

పెన్నాతీరం గారూ, మీ నాన్నగారు అడిగిన ప్రశ్న మ్యూజియంలో పనిచేసేవారు ప్రతి వస్తువు గురించీ మొట్టమొదట వేసుకునే ప్రశ్న. నేను పురావస్తువుల పట్టికలు రాసే పనిలో చాలా కాలం ఉన్నాను కనుక, ఈ బ్రోచ్ విషయంలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

నగ ఒక ఇంట్లో సుఖంగా ఉన్నంత కాలం దాని గురించి ఎవరూ ఏమీ రాయరు. పెట్టెలో ఉంటుంది, పెళ్ళికి బయటికి వస్తుంది, మళ్ళీ పెట్టెలోకి వెళుతుంది. అది చేతులు మారినప్పుడే, అంటే అమ్మినప్పుడో, తాకట్టు పెట్టినప్పుడో, జప్తు అయినప్పుడో, దానం చేసినప్పుడో కాగితం పుడుతుంది. హుకర్ పచ్చకు అలాంటి గట్టి తేదీలు మూడు ఉన్నాయి: 1911, 1955, 1977. మొదటిది వేలం, రెండవది కొనుగోలు, మూడవది దానం. ఈ మూడింటి మధ్య ఉన్న కాలాన్ని మనం నమ్మకంగా నింపుకోవచ్చు. 1911కు ముందు ఉన్నదంతా ఆ వేలం వెనుక నిలబడిన మనిషిని బట్టి చెప్పుకోవలసిందే.

ఆ మనిషి ఎవరో చరిత్రకు బాగా తెలుసు. రెండవ అబ్దుల్ హమీద్ 1876లో గద్దెనెక్కాడు, ఒట్టోమాన్ సుల్తానులలో ముప్పై నాలుగవవాడు. సుల్తాన్ ఏకపాలనను ఎదిరించిన యువ తుర్కుల తిరుగుబాటు తరువాత 1909 ఏప్రిల్‌లో ఆయనను పదవి నుంచి దించి, ఇప్పటి గ్రీసులో ఉన్న సలోనికాకు పంపించారు. ఆయన నగలు 1911 చివరలో పారిస్‌లో వేలానికి వచ్చాయి. పదవి పోయిన రాజుగారి సొత్తును అందరి ఎదుట పేరు పెట్టి అమ్మిన వేలం కనుక, ఈ రాయి ఆయనది అన్న మాటకు బలం ఉంది. నడికట్టు బిళ్ళ సంగతి అలా కాదు. మ్యూజియం వారి వివరణ కూడా దానిని చెప్పుకునే మాటగానే పెడుతుంది తప్ప జరిగినదిగా పెట్టదు. ఆ ఒక్క మాటను నేనైతే పట్టికలో వేరే వరుసలో, "విన్నది" అని గుర్తు పెట్టి రాస్తాను.

దీనికి పక్కన పెట్టి చూడవలసిన ఉదాహరణ అదే మ్యూజియంలో ఉంది. మీ నాన్నగారు రెండు నిమిషాలు చూసి వదిలేసిన హోప్ వజ్రానికి కూడా ఇదే సుల్తాన్ పేరును తగిలించారు. హబీబ్ అనే వ్యాపారి ఆ వజ్రాన్ని 1908లో కొని, మరుసటి సంవత్సరమే పారిస్‌లో వేలానికి పెట్టాడు. అతను సుల్తాన్ కోసమే కొన్నాడని అప్పట్లో ప్రచారం జరిగింది. ఆ ప్రచారం వెనుక పచ్చకు ఉన్నటువంటి వేలం లేదు, సుల్తాన్ సొత్తుగా దాన్ని అమ్మిన సందర్భం లేదు. ఒకే రాజు పేరు, ఒకే మ్యూజియం, దాదాపు ఒకే కాలం. అయినా ఒక రాయి విషయంలో ఆ పేరు నిలుస్తుంది, ఇంకో రాయి విషయంలో నిలవదు. రాజుల పేరు తగిలితే రాయికి ధర పెరుగుతుంది కనుక, రాజుగారి పేరు వినిపించిన ప్రతిచోటా మొదట ఆ పేరు వల్ల ఎవరికి లాభమో చూడాలి.

ఇక నలభై నాలుగేళ్ళ సంగతి. టిఫనీ వారు ఆ పచ్చను కొని తలకు పెట్టుకునే కిరీటం వంటి టియారాలో పొదిగించారు. అది అమ్ముడుపోలేదు. దశాబ్దాల పాటు అలాగే ఉండి, చివరికి దానిని విప్పి ఇప్పుడున్న బ్రోచ్‌గా మార్చారు, దానితో పాటు చెవులకు కూడా జత చేశారు. 1950 నాటి క్రిస్మస్ కేటలాగులో ఆ బ్రోచ్‌ను చూపించారు. ఆ తరువాత ఐదేళ్ళకు హుకర్ గారు కొన్నారు. అంటే మనం బ్రోచ్ అని పిలుస్తున్న ఈ వస్తువుకు ధరించిన యజమానురాలు ఒక్కరే. రాయి పాతది, నగ అంత పాతది కాదు. "పూర్వపు యజమానులు" అన్నప్పుడు రాయికా, నగకా అన్నది ముందే తేల్చుకోకపోతే వరుస మొత్తం కలగాపులగం అవుతుంది.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండే విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. కాగితం ఉన్నంత మేరకు చూస్తే హుకర్ గారు ఆ పచ్చకు ఇరవై రెండేళ్ళ యజమాని. సుల్తాన్ పాలించినది ముప్పై మూడేళ్ళు. దుకాణంలో ఉన్నది నలభై నాలుగేళ్ళు. అయినా ఆ రాయికి పేరు మాత్రం దానిని ఇచ్చేసిన మనిషిది. ఇప్పుడు మ్యూజియం దగ్గర ఉన్న కాలం వీరిలో ఒక్కొక్కరి లెక్కనూ దాటిపోయింది. జానెట్ హుకర్ గారు ఆ తరువాత ఆ మ్యూజియం రత్నాల, ఖనిజాల ప్రదర్శనశాల కోసం 50 లక్షల డాలర్లు ఇచ్చారు. 1997లో తెరిచిన ఆ శాలకు ఆమె పేరే పెట్టారు.

జవాబు: జాతిరాయి

నేను జైపూర్‌లో పచ్చలు సానపట్టే చోట రాళ్ళ పరీక్ష చేసేవాడిని, ఊరు రాజమండ్రి. పాతకాగితం గారు కాగితం వైపు నుంచి చెప్పారు. నేను రాయి వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారు చూసినది రాయిని.

పచ్చ అనేది బెరిల్ అనే ఖనిజం. ఆ ఆకుపచ్చ రంగు క్రోమియం, వనాడియం వల్ల వస్తుంది. కొలంబియా పచ్చలు నల్లటి షేల్ రాతి పొరల్లో, సున్నపు కాల్సైట్ నరాల మధ్య ఏర్పడతాయి. ఉప్పటి వేడినీరు ఆ పొరల్లో పారినప్పుడు స్ఫటికం పెరుగుతూ ఆ నీటిలో కొంత తనలో బంధించుకుంటుంది. అందుకే కొలంబియా రాయిని భూతద్దం కింద పెడితే ఒక చిన్న గుంటలో ఉప్పునీరు, అందులో ఒక గాలి బుడగ, పక్కన చిన్న చదరపు ఉప్పు కణం మూడూ కలిసి కనిపిస్తాయి. నేను మొదటిసారి ఈ మూడింటినీ ఒకే గుంటలో చూసినప్పుడు బల్ల దగ్గర నుంచి లేవలేకపోయాను, కోట్ల ఏళ్ళ నాటి నీటి చుక్క నా కంటి ముందు ఉన్నది. ఫ్రెంచివారు పచ్చలోని ఈ లోపాలన్నిటినీ కలిపి "తోట" అంటారు. మన పాత రత్నశాస్త్రం మాత్రం వీటిని దోషాలుగానే లెక్కించింది. పుట్టిన చోటు చెప్పేవి కూడా ఈ దోషాలే కనుక, పరీక్ష చేసే మాకు అవే ఆధారం.

కనుక యజమానుల వరుసలో మొదటి అడుగు, అంటే కొలంబియా, కాగితం లేకపోయినా నిలుస్తుంది. స్పెయిన్ వారు చివోర్ గనులను 1537లో చూశారు, ముజో ప్రాంతపు ప్రజలతో చాలా కాలం పోరాడి ఆ గనులను కూడా పట్టుకున్నారు. పదహారవ శతాబ్దం చివరికి కొలంబియా పచ్చలు స్పెయిన్ మీదుగా యూరప్‌కు, అక్కడి నుంచి తుర్కీ, ఇరాన్, మన మొగలుల దర్బారులకు ప్రవహించాయి. ఆ దారిలో మునిగిన ఓడలు కూడా ఉన్నాయి, 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన అటోచా ఓడ నుంచి పచ్చలు మన కాలంలో బయటికి తీశారు. ఈ రాయి తొలి యజమానులను ఎవరైనా తలుచుకోదలిస్తే, సుల్తాన్ కన్నా ముందు ఆ కొండల్లో దానిని తవ్విన ముజో, చిబ్చా ప్రజలను తలుచుకోవాలని నా మనవి. వారి పేర్లు ఏ వేలం పట్టికలోనూ ఉండవు.

నడికట్టు విషయంలో పాతకాగితం గారితో నాకు కొంచెం తేడా ఉంది. దానిని వేరే వరుసలో పెట్టమన్నారు, సరే. కానీ తేలికగా తీసివేయదగిన మాట కాదది. ఒట్టోమాన్ దర్బారులో పచ్చ అంటే ఉన్న మక్కువకు కళ్ళెదుటి సాక్ష్యం ఇస్తాంబుల్ తోప్‌కాపీ కోటలో ఉంది. మొదటి మహమూద్ సుల్తాన్ ఇరాన్ పాలకుడు నాదిర్ షాకు కానుకగా ఒక బాకు చేయించాడు, దాని పిడి మీద మూడు పెద్ద పచ్చలు వరుసగా ఉంటాయి. కానుక తీసుకుని రాయబారులు దారిలో ఉండగానే 1747లో నాదిర్ షా హత్యకు గురయ్యాడు, బాకు తిరిగి ఇస్తాంబుల్ చేరింది. తలపాగా, బాకు, నడికట్టు అన్నవి మగవారి రాచ ఆభరణాలు. పెద్ద పలక పచ్చ ఒకటి సుల్తాన్ ఇంట్లో ఉంటే అది ఈ మూడింటిలో ఒకదానికి చేరి ఉండడం చాలా సహజం. మన వడ్డాణం నడుమ బిళ్ళ పెట్టినట్టే అనుకోండి.

మీ నాన్నగారు చెప్పకపోయినా ఆయన మనసులో ఉండే ఉంటుందనుకునే మాట ఒకటి ఉంది. ఈ రాయిని ఎన్నిసార్లు కట్టు నుంచి విప్పి ఉంటారు? సుల్తాన్ నగ నుంచి ఒకసారి, టియారా నుంచి ఒకసారి తప్పకుండా విప్పారు. వజ్రమైతే ఈ భయం తక్కువ. రాళ్ళ గట్టిదనాన్ని పదికి లెక్కించే మోస్ కొలతలో పచ్చకు ఏడున్నర నుంచి ఎనిమిది ఉన్నా, లోపల పగుళ్ళు ఉంటాయి కనుక మూల మీద కొంచెం ఎక్కువ ఒత్తిడి పడితే చిట్లుతుంది. కట్టు కాళ్ళను పైకి లేపేటప్పుడు పనిముట్టు జారకూడదు, మంట దగ్గరికి రాకూడదు. చాలా పచ్చల పగుళ్ళలో నూనె పట్టించి ఉంటుంది కనుక వేడి తగిలితే ఆ నూనె బయటికి వచ్చి రాయి ఒక్కసారిగా వెలవెలబోతుంది. న్యూయార్క్‌లో ఆ టియారాను విప్పిన పనివాడు ఎవరో గానీ, ఆ రోజు అతని చేయి వణికి ఉంటే ఇవాళ మనకు ఈ చర్చ ఉండేది కాదు.

టియారా ఎందుకు అమ్ముడుపోలేదన్నదానికి నా అభిప్రాయం ఇది. 1911 తరువాత మూడేళ్ళకే యుద్ధం వచ్చింది. యుద్ధం తరువాత అటువంటి తలకట్టు పెట్టుకునే విందులే తగ్గిపోయాయి. 1929లో అమెరికాలో సంపద కుప్పకూలింది. బ్రోచ్ అయితే కోటు మీద పెట్టుకుని ఎక్కడికైనా వెళ్ళవచ్చు. రాయి అదే, ధరించే సందర్భం మారింది.

జవాబు: చార్‌కమాన్

ఇక్కడ హైదరాబాద్ వైపు నుంచి రెండు సంగతులు చేర్చడం అవసరమని అనిపించింది. మా కుటుంబం పాతబస్తీలో ముత్యాల, రాళ్ళ వ్యాపారంలో ఉన్నది, నిజాం కాలపు పచ్చలంటే మా తాతగారి కాలం నుంచి "పాత గని" రాళ్ళు అనే మాట వాడేవారు. ఆ పాత గని ఎక్కడుందని అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పేవారు కారు. ఈ దేశంలోనో తూర్పున మరెక్కడో ఒక ప్రాచీనమైన గని ఉండేదని, అది మూసుకుపోయిందని అనుకునేవారు. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండకు వచ్చి మన వజ్రాల గనులను చూసి రాసిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే ఆనాడే ఈ అభిప్రాయాన్ని ఖండించాడు, పచ్చలు తూర్పు దేశాలలో పుట్టవనీ, అమెరికా ఖండం నుంచి వస్తాయనీ రాశాడు.

2000 సంవత్సరంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల బృందం పాత పచ్చలలోని ఆక్సిజన్ ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల, నిష్పత్తిని కొలిచి, అవి ఏ గనుల నుంచి వచ్చాయో చెప్పింది. కంటికి కనిపించనంత చిన్న గుంట చేస్తే చాలు, రాయి పాడు కాదు. వారు పరీక్షించిన వాటిలో నిజాం ఖజానా నుంచి వచ్చిన రాళ్ళు కూడా ఉన్నాయి. పద్దెనిమిదవ శతాబ్దంలో మన దేశంలో సానపట్టిన మేలిరకం పచ్చలలో ఎక్కువ భాగం కొలంబియావేనని, అవి మొదట స్పెయిన్ మీదుగా, తరువాత ఫిలిప్పీన్స్ మీదుగా నేరుగా వచ్చాయని తేలింది. మా తాతగారు పాత గని అన్నది సముద్రాల అవతల ఉన్నదన్నమాట. ఇది చదివిన రోజున నాకు కలిగిన సంతోషం చెప్పలేనిది. హుకర్ పచ్చకూ, మన నిజాంల పచ్చలకూ పుట్టిల్లు ఒకే దేశం.

రెండవది బ్రోచ్‌ల గురించే. 1947 నవంబరులో ఇంగ్లండ్ రాకుమారి ఎలిజబెత్ పెళ్ళికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక ఇచ్చారు. లండన్‌లోని కార్టియే దుకాణానికి వెళ్ళి ఆమెకు నచ్చినది ఎంచుకోమన్నారు. ఆమె వజ్రాల హారాన్నీ, గులాబీ పూల అల్లికతో ఉన్న టియారానూ ఎంచుకున్నారు. ఆ టియారాలోని మూడు గులాబీలు విడిగా తీసి బ్రోచ్‌లుగా పెట్టుకునేలా ఉండేవి. 1973లో ఆ టియారాను విప్పించి, దాని వజ్రాలను బర్మా ప్రజలు పెళ్ళికానుకగా ఇచ్చిన కెంపులతో కలిపి వేరే టియారా చేయించారు. గులాబీలు మాత్రం బ్రోచ్‌లుగా మిగిలాయి, వాటిని ఇప్పటికీ నిజాం పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ గులాబీలు నిజాం ఖజానాలో ఒక్కరోజు కూడా లేవు. ఆయన వాటిని చూసి ఎంచినవారు కూడా కాదు. ఎవరైనా రేపు "హైదరాబాద్ నిజాం ధరించిన బ్రోచ్" అని రాస్తే అది పూర్తిగా తప్పు. పేరును బట్టి యజమానిని ఊహించకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మన ఇళ్ళలో అమ్మమ్మ కాసులపేరు చెరిపించి నెక్లెస్ చేయించుకున్న తరువాత కూడా దానిని "అమ్మమ్మ కాసులపేరు బంగారం" అంటూనే ఉంటాం కదా, ఇదీ అటువంటిదే.

యజమానులు తమ పేర్లను రాయి మీదే చెక్కించిన సందర్భాలు కూడా ఉన్నాయి. తైమూరు కెంపు అని పిలిచే, నిజానికి కెంపులా కనిపించే స్పినెల్ అనే వేరే ఎర్రరాయి మీద జహంగీర్ మొదలుకొని నాదిర్ షా, అహ్మద్ షా దుర్రానీ వరకు పేర్లు ఉన్నాయి. అటువంటి రాయికి వేరే కాగితం అక్కరలేదు. హుకర్ పచ్చ మీద మాత్రం ఎవరి అక్షరమూ లేదు, నునుపైన పలకలే.

జవాబు: పాతకాగితం

జాతిరాయి గారి దిద్దుబాటును అంగీకరిస్తున్నాను. నడికట్టు మాటను "విన్నది" అన్న వరుసలోనే ఉంచుతాను గానీ, దాని పక్కన "సందర్భానికి తగినది" అని రాస్తాను. తోప్‌కాపీ బాకు పోలిక నాకు తట్టలేదు.

పెన్నాతీరం గారు ఇంట్లోని బ్రోచ్ గురించి చివరలో అడిగారు, దానికి జవాబు ఎవరూ ఇవ్వలేదు. ముందుగా దాని వెనుక వైపును ఫోటో తీయండి. అందరూ ముందు వైపే తీస్తారు. సూదిని పట్టే కొక్కెం ఎలా ఉంది, మాటువేసిన గుర్తులు ఎక్కడ ఉన్నాయి, ఒక రాయి కట్టు మిగతా వాటికన్నా కొత్తగా కనిపిస్తున్నదా అన్నవి వెనుకే తెలుస్తాయి, మరమ్మతు చరిత్ర అంతా అక్కడే ఉంటుంది. తరువాత తూకం వేయండి, కొలతలు రాయండి. ఆ పైన నాన్నగారు చెప్పేది ఆయన మాటల్లోనే, చెప్పిన తేదీతో సహా రాసుకోండి. ఆయన కళ్ళారా చూసినదానికి, ఎవరో చెప్పగా విన్నదానికి మధ్య ఒక గీత ఉంచండి. మీరు ఊహించినది మాత్రం ఎక్కడా కలపవద్దు, ఎంత నిజమనిపించినా సరే. ఒక తరం దాటితే మీ ఊహ నాన్నగారి మాటగా మారిపోతుంది.

జవాబు: పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఉప్పునీటి చుక్క సంగతి దగ్గర మళ్ళీ చదవమన్నారు. టియారా విప్పిన పనివాడి మాట దగ్గర చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత "ఆ పని చేసినోళ్ళకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టి ఉండదు" అన్నారు. ఒకసారి తాను ఎవరిదో పెద్ద పచ్చ ఉంగరం కట్టు మారుస్తుండగా రాయి మూలన సన్నగా చిట్లిన శబ్దం వినబడిందని, తన ఆరు నెలల సంపాదన ఆ రాయి బదులు ఇచ్చానని మొదటిసారిగా నాతో చెప్పారు. మా అమ్మగారికి కూడా ఆ సంగతి ఇంతకాలం తెలియదు.

పాతకాగితం గారు చెప్పినట్టే అమ్మగారి బ్రోచ్ వెనుక వైపు ఫోటో తెప్పించాను. ఆరు పచ్చలలో ఐదింటి కట్టు అరిగి నునుపుగా ఉంది, ఒకదానిది మాత్రం అంచు పదునుగా, కొత్తగా ఉంది. అది తానే కట్టినదని నాన్నగారు ఫోటో చూడగానే చెప్పారు. నగ చేతికి వచ్చేటప్పటికే ఆ చోట రాయి లేదట. 1980ల మొదట్లో, ఒక కరువు సంవత్సరంలో, ఒక ఇంటివారు దానిని పాత బంగారం కింద తూకానికి అమ్మడానికి తెచ్చారు. పనితనం చూసి దానిని చెరపడానికి మనసు ఒప్పక, ఖాళీ చోట ఒక పచ్చ కట్టి, అమ్మగారికి ఇచ్చారు.

ఎవరి దగ్గర కొన్నారని అడిగితే నాన్నగారు చెప్పలేదు. మరిచిపోయి కాదు. కష్టంలో నగ అమ్ముకోవడానికి వచ్చినవారి పేరు పనివాడు బయటపెట్టకూడదట, ఆయన నాన్నగారు ఆయనకు నేర్పిన మొదటి నియమాలలో అది ఒకటట. ఆ కుటుంబం ఇప్పుడు బాగానే ఉన్నదని, వారి మనవరాలి పెళ్ళికి కూడా తాను వెళ్ళానని మాత్రం అన్నారు. సుల్తాన్ నగలను పేరు చదివి మరీ వేలం వేశారన్న మాట ఆయనను బాధపెట్టిందని అప్పుడు నాకు అర్థమైంది.

పట్టికలో ఆ వరుస ఖాళీగా వదలాలా అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, "సంవత్సరం రాయి, ఊరు రాయి, ఆరో పచ్చ నేను కట్టినానని రాయి. పేరు మాత్రం వద్దు" అన్నారు. అలాగే రాశాను.